కుబేరుని ఋణపత్రము

కలియుగ ప్రత్యక్షదైవమగు శ్రీ వేంకటేశ్వరునకు భక్తులు పెట్టుకొనిన పేర్లలో 'వడ్డికాసులవాడు' అనునది మిక్కిలి చనువుతో కూడినది. లోకములను పోషించు స్వామి అప్పు చేసెననియు, ఆ అప్పునకు నేటికిని వడ్డి కట్టుచున్నాడనియు చెప్పుకొనుటకు తెలుగువారికి సంకోచము లేదు. పైపెచ్చు అందులో ఒక ఆత్మీయత కలదు. గోదావరి మండలములలో ఈ చనువు మరింత అధికము. కోనసీమ తిరుమలగా పేరొందిన వాడపల్లికి ఏడు శనివారములు వరుసగా వచ్చి ప్రదక్షిణములు చేయువారిలోను, చిన్న తిరుపతియని పిలువబడు ద్వారకా తిరుమల కొండ యెక్కువారిలోను, ఏదో ఒక ఋణబాధను స్వామికి విన్నవించుకొనుటకు వచ్చినవారు తక్కువ కారు. ఒకరిది బిడ్డ పెండ్లి అప్పు. ఒకరిది చేపల చెరువు అప్పు. మరి యెందరిదో ఇంటి అప్పు. 'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అని పెద్దలు ఊరక అనలేదు. పెండ్లికై అప్పు చేసిన స్వామి యెదుట ఇంటికై అప్పు చేసినవాడు నిలిచి మొరపెట్టుకొనుట ఎంతయు ఉచితమే.

ఆ ఋణవృత్తాంతము భవిష్యోత్తర పురాణాంతర్గతమని చెప్పబడు శ్రీ వేంకటాచల మాహాత్మ్యమున కలదు. ఆకాశరాజు పుత్రికయగు పద్మావతీదేవితో శ్రీనివాసునకు వివాహము నిశ్చయమైనది. వరుని చేత ధనము లేదు. ధనదేవతయగు లక్ష్మి అలిగి కొల్హాపురమునకు వెడలియున్నది. అప్పుడు కుబేరుని వద్ద పదునాలుగు లక్షల రామముద్రాంకిత నిష్కములను స్వామి ఋణముగా గ్రహించెను. వైశాఖ శుద్ధ సప్తమినాడు పత్రము వ్రాయబడినది. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చినది, ఏ కార్యము నిమిత్తము ఇచ్చినది, వడ్డితో ఎప్పటికి తీర్చవలసినది అందు స్పష్టముగా కలదు. బ్రహ్మ, రుద్రుడు, అశ్వత్థవృక్షము సాక్షులు. దేవతలిద్దరు చాలక రావిచెట్టును కూడ సాక్షిగా నిలుపుటలోని అంతరార్థమును పెద్దలు పలువిధముల చెప్పుదురు. ఊరి నడుమ నిలిచి, వచ్చిపోవు వారినెల్ల చూచుచు, ఎవరి పక్షమును వహింపక తరతరములు బ్రతుకునది రావిచెట్టు. పల్లెలలో అప్పు తగవులు తీర్చు పంచాయతీలు కూడ చిరకాలము ఆ చెట్టు క్రిందనే జరిగినవి.

ఈ కథను చెప్పువారు సామాన్యముగా ఒక్క నీతితో ముగింతురు. సాక్షాత్తు భగవంతుడే చేసిన అప్పు తీర్చుచుండగా మానవుడు ఎగవేయరాదందురు. అది సత్యమే. తిరుపతిలో శ్రీ గోవిందరాజస్వామి తల క్రింద కుంచము పెట్టుకొని శయనించియుండుట, తమ్ముని అప్పునకు కానుకల ధనమును కొలిచి కొలిచి అలసిపోయినందువలననే అని భక్తులు చెప్పుకొందురు. అయినను పత్రమనునది ఒక్కరి చేవ్రాలుతో పూర్తియగునది కాదు. పుచ్చుకొనిన చేయి ఒకటి, ఇచ్చిన చేయి ఒకటి. కుబేరుడు ఎవరికి ఇచ్చుచున్నాడో ఎరిగి యిచ్చెను, ఏ నిమిత్తమో తెలిసికొని యిచ్చెను, తీర్చుటకు తగిన గడువు పెట్టి యిచ్చెను. కథలోని ఈ రెండవ భాగమును గూర్చి ప్రవచనములు వినబడుట అరుదు. ఋణగ్రహీత ధర్మము వేయి నోళ్ళ చెప్పబడును. ఋణదాత ధర్మము పుస్తకములలోనే ఉండిపోయినది.

ఆ పుస్తకములను తెరచి చూచినచో ఆశ్చర్యము కలుగక మానదు. వసిష్ఠుడు విధించినదిగా మనుస్మృతి చెప్పు వడ్డి నెలకు అసలులో ఎనుబదియవ వంతు. అనగా నూటికి రూపాయి పావలా, సంవత్సరమునకు 15 రూపాయలు. పేరుకొనిన వడ్డిని ఒక్కసారిగా రాబట్టుకొనునప్పుడు అది అసలును మించరాదనియు ఆ స్మృతియే కట్టడి చేసినది. న్యాయస్థానములలో 'దాందుపట్' అను పేర పిలువబడిన నియమము ఇదియే. చక్రవడ్డి గర్హింపబడినది. కౌటిల్యుడు ఇంకొక అడుగు ముందునకు వేసి, దీర్ఘరోగపీడితునిపైనను, గురుకులమున నిలిచిపోయినవానిపైనను, బాలునిపైనను, ఏమియు లేని నిరుపేదపైనను ఋణము పెరుగరాదని శాసించెను. తీర్చలేనివానిపై వడ్డి పెంచుచు పోవుట అతని దోషము కాదు, ఇచ్చినవాని దోషమనుట ఆ శాసన తాత్పర్యము. మనుస్మృతిలోనే వర్ణభేదముననుసరించి క్రిందివానికి వడ్డి హెచ్చించిన వచనములును కలవు. అవి నేటి ధర్మబుద్ధికి ఒప్పునవి కావు. అట్లని ఆ కాలమువారిని తూలనాడుటకు ముందు తమ ఊరిని ఒకమారు చూచుకొనవలెను. నెలజీతగాడు బ్యాంకులో తక్కువ ఏటి వడ్డిపై ఇంటి అప్పు పొందుచున్నాడు. కౌలురైతునకును, కూలివానికిని ఆ తలుపు తెరచుకొనదు. అతడు 'రెండు రూపాయల వడ్డి'కో 'మూడు రూపాయల వడ్డి'కో, అనగా ఏటికి నూటికి 24, 36 రూపాయలకు తెచ్చుకొనుచున్నాడు. స్మృతి మారినది, లేనివానికి ఎక్కువ వడ్డి అను ఆచారము మారలేదు.

గృహము మాటకు వత్తము. గృహస్థాశ్రమమునకు ఆ పేరు ఇంటినిబట్టియే వచ్చినది. పుట్టినవాడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో పుట్టునని వేదము చెప్పుచున్నది. ఆలుబిడ్డలు, పశువులు, ఇల్లు అన్నియు ఋణానుబంధమువలననే కలుగునని లోకమున ప్రసిద్ధి. ఇక నన్నయభట్టు రాజమహేంద్రవరమున ఆరంభించిన భారతములో, ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషమున యక్షప్రశ్నల ఘట్టము కలదు. సుఖవంతుడెవడని యక్షుడు అడిగినప్పుడు ధర్మరాజు ఇచ్చిన సమాధానము మూలభారతమున ఎంత సరళమో! దినములో ఏ అయిదవ భాగముననో ఆరవ భాగముననో, తన ఇంట కూరాకు వండుకొని తిన్నను సరియే, అప్పు లేనివాడు, పరదేశము పట్టనివాడు సుఖియని అతడు చెప్పెను. అడవిలో తిరుగుచు, రాజ్యమును జూదమున ఓడిన ఇల్లులేనివాడు చెప్పిన మాట యిది. 'తన ఇల్లు', 'అప్పు లేకుండుట' అను రెండింటిని ఆయన ఒక్క ఊపిరిలో చెప్పెను. నేడు సామాన్యునకు ఈ రెండును ఒకదానికొకటి విరోధులైనవి. అప్పు లేక తన ఇల్లు లేదు. తన ఇల్లు కావలెనన్న ఇరువది యేండ్లు అప్పు లేని దినము లేదు.

గోదావరి డెల్టాలో ఇంటి విషయమై మనుష్యులకుండు ఆరాటమునకు కారణములు కలవు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియై కాలువలు పారిన పిదప పైరు స్థిరపడినదిగాని, పేదవాని ఇల్లు స్థిరపడలేదు. తాటాకు కప్పు, మట్టిగోడ. 1986 ఆగష్టు వరదలో మునిగినవి అట్టి ఇండ్లే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమపై విరుచుకొని పడిన తుపానులో కొబ్బరిచెట్లతోపాటు నేలమట్టమైనవియు అవియే. ఆ రాత్రిని చూచినవాడు డాబా ఇల్లు కోరుట విలాసము కొరకు కాదు. పిల్లలను పడుకొనబెట్టుకొనుటకు ఎగిరిపోని కప్పు కొరకు. ఈ కోరికను నిందించువాడు ఆ రాత్రిని ఎరుగనివాడు.

అట్టి గృహస్థు నొకనిని ఊహించుకొందము. నాలుగెకరములు కౌలుకు చేయుచున్నాడు. భార్య ఇంట కుట్టుపని చేయును. కుమారుడు పట్టణమున ప్రైవేటు కొలువున కుదిరెను. తాతనాటి పెంకుటిల్లు కురియుచున్నది. కుమారుని జీతముపై బ్యాంకు ఇరువది లక్షలు ఇచ్చునని ఒక మధ్యవర్తి వచ్చి చెప్పెను. జీతము చాలదన్న సందేహమున్నచో, కుట్టుపనిని 'వ్యాపారము'గా చూపి కాగితములు తానే సిద్ధపరచెదననెను. కౌలు అప్పు, భార్య నగలపై కుదువ అప్పు ఉన్నవి. వానిని దరఖాస్తులో చూపలేదు. బ్యాంకులో కాగితము చూచిన అధికారి వ్యాపారమనగా ఒక కుట్టుమిషనేయని ఎరుగనివాడు కాడు. ఆ త్రైమాసికమున ఆయనకు చేరవలసిన లక్ష్యము ఒకటి కలదు. కనుక ఆయనయు అడుగలేదు. ఒకరు చెప్పలేదు, ఒకరు అడుగలేదు. అప్పు మంజూరైనది.

ఇందు మోసగాడెవడు? న్యాయస్థానమున ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట సులభము: అసత్యపు కాగితమిచ్చినవాడు. ధర్మస్థానమున అంత సులభము కాదు. అసత్యము చెప్పినవానికెంత దోషమో, అసత్యమని ఎరిగి స్వీకరించినవానికి అంతకు తక్కువ దోషము లేదు. ఋణమిచ్చువాడు వేయిమంది లెక్కలు చూచినవాడు. తీసికొనువాడు జన్మలో ఒకమారు ఇల్లు కట్టువాడు. ఎక్కువ తెలిసినవాని మౌనము బరువైనది.

అప్పు వచ్చినది, పని మొదలైనది. ఆ నేల రేగడి. ఎండకు పగులును, వానకు ఉబ్బును; పునాది లోతుగా తీయక తప్పదు. మేస్త్రి వేసిన లెక్క పునాదిలోనే సగము కరగెను. స్లాబు వేయునాటికి బ్యాంకు సొమ్ము పూర్తియైనది. తలుపులు, కిటికీలు, రంగులు మిగిలినవి. ఊరిలో రెండు రూపాయల వడ్డికి మూడు లక్షలు తెచ్చిరి. గృహప్రవేశము ఘనముగా జరిగినది, గోవును ముందు నడిపించిరి, పాలు పొంగించిరి, మూడువందలమందికి భోజనములు. పాలు పొంగిన ఇంట అప్పు పొంగుటను ఆ పూట ఎవరును గమనింపలేదు. విందునకైన సొమ్ము కూడ ఆ మూడు లక్షలలోనిదే. గృహప్రవేశమునకు శాస్త్రము కోరినది వాస్తుపూజ, హోమము, గోప్రవేశము, శక్తికొలది అన్నదానము. ఆ 'శక్తికొలది' అను మాటను మనవారు పూజ సంకల్పమున పలికి, పందిటిలో మరచుచున్నారు. ఈ తప్పు మాత్రము బ్యాంకుపై వేయుటకు వీలులేదు.

ఇట వడ్డి లెక్క కొంచెము వివరింపవలసియున్నది. పుణ్యకథలు చదువు పత్రికలో అంకెలేల యని పాఠకులు విసుగు చెందరాదు. ఈ అంకెలు తెలియకనే పెక్కు ఇండ్లలో దీపము పెట్టువేళ కలహము పుట్టుచున్నది. ఇరువది లక్షలను ఇరువది యేండ్ల గడువుపై ఏటికి 8.5 శాతము వడ్డికి తీసికొనినచో నెలవాయిదా సుమారు 17,356 రూపాయలు. మొదటినెలలో అందు 14,167 రూపాయలు వడ్డికే పోవును. అసలు తగ్గునది 3,189. ఇరువది యేండ్లలో కట్టు మొత్తము 41 లక్షల 65 వేలు. వడ్డి అసలును మించినదే యని కొందరు స్మృతివాక్యమును చూపి ఆక్షేపింతురు. అది సరియైన అన్వయము కాదు. స్మృతి నిషేధించినది పేరుకొనిపోయిన వడ్డిని అసలుకు మించి ఒక్కసారిగా రాబట్టుటను. నెలనెల తీరుచు వచ్చు వడ్డిని గాదు. దీర్ఘకాలపు సౌకర్యమునకు మూల్యముండును. పుచ్చుకొనువాడు ఆ మూల్యమును ముందుగా ఎరిగి ఒప్పుకొనెనా లేదా అనునదే ప్రశ్న.

అంతకంటె సూక్ష్మమైన చిక్కు వేరొకటి కలదు. నేటి ఇంటి అప్పులలో అధికభాగము మారెడు వడ్డివి. రిజర్వు బ్యాంకు రెపో రేటు పెరిగినచో ఇవియు పెరుగును. 2020 మే నెలనుండి 4 శాతముగా ఉన్న ఆ రేటు 2022 మే నెలలో పెరుగనారంభించి 2023 ఫిబ్రవరి నాటికి 6.5 శాతమునకు చేరెను. మన గృహస్థు తక్కువ వడ్డి దినములలో 6.7 శాతమునకు ఇరువది లక్షలు తీసికొనెననుకొందము. నెలవాయిదా సుమారు 15,150. రెండున్నర శాతము పెరిగి 9.2 అయినప్పుడు ఇరువది లక్షలపై ఒక నెల వడ్డియే 15,333. అనగా పాత వాయిదా వడ్డికే చాలదు. అప్పటికి అసలు కొంత తగ్గియున్నను, కట్టిన దానిలో అసలునకు చేరునది నామమాత్రమే. అతడు నెల తప్పక కట్టుచునే యున్నాడు. అప్పు నిలిచినచోటనే నిలిచియున్నది. ఇట్టి సందర్భములలో వాయిదాను పెంచక గడువునే పెంచుట బ్యాంకులలో పరిపాటి. ఇరువది యేండ్లలో తీరవలసినది అతని పనిశక్తి ఉడిగిన తరువాతి యేండ్లలోనికి ప్రాకిపోవును. సందేశము ఒకటి సెల్‌ఫోనునకు వచ్చును. అది ఏ భాషలో వచ్చినది, అతడు చదివెనా, చదివిన అర్థమైనదా అని అడిగినవారెవరు? కుబేరుని పత్రములో గడువును మధ్యలో ఏకపక్షముగా మార్చినట్లు పురాణము చెప్పదు.

ఈ ప్రాంతము ఇట్టి కష్టము చూచుట మొదటిసారి కాదు. 1929 తరువాతి మాంద్యములో ధాన్యపు ధర కూలినది. అప్పులు మాత్రము పాత అంకెలలోనే నిలిచినవి. ఒకనాడు కొద్ది బస్తాల ధాన్యముతో తీరెడి వడ్డికి పంటంతయు అమ్మినను చాలని దినములు అవి. గోదావరి మండలములు నాడు మద్రాసు రాష్ట్రములోనివి. 1938లో రాజగోపాలాచారి ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసెను. 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డి తీరినట్లే భావింపబడినది. అసలుకు రెండింతలు అదివరకే కట్టియున్నచో అప్పే తీరినట్లు. స్మృతిలోని దాందుపట్ నియమము ఒక ప్రజాప్రభుత్వపు చట్టమున మరల ప్రాణము పోసికొనినది. ఋణదాతలు ఆనాడు గగ్గోలు పెట్టకపోలేదు. వారిలోను స్వల్ప స్థితిపరులు, విధవరాండ్రు, దేవాలయపు సొమ్ము వడ్డికి తిప్పినవారు కలరు. ధర్మసూక్ష్మము ఎప్పుడును ఇట్లే యుండును; ఒక ఇంట దీపము నిలుపగా మరియొక ఇంట దీపము కొంత తగ్గును.

ఇంటి అప్పుల విషయమున ఈ డెల్టాలోనే మరియొక ఘట్టము కలదు. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ద్వారా 1983నుండి 2011వరకు లక్షలాది పేదలకు పక్కా ఇండ్లు కట్టుకొనుటకు సహాయము లభించినది. అందు కొంత ఉచితము, కొంత అప్పు. స్థలము పత్రము తనఖాలో ఉండిపోయినది. అప్పు కాగితముపై పెరుగుచు వచ్చినది. తీర్చగలవారు కొందరు తీర్చిరి, పెక్కుమంది తీర్పలేదు. కొందరికి అది అప్పని కూడ తెలియదు. ప్రభుత్వమిచ్చిన ఇల్లనియే వారనుకొనిరి. కొందరికి తెలియును, ఎన్నికలు వచ్చును, మాఫీ అగునని వారనుకొనిరి. ఇచ్చినవారును గట్టిగా అడుగలేదు, స్పష్టముగా వదలివేయనులేదు. మూడు దశాబ్దములు ఆ ఇండ్లు ఉండియు వారివి కాకపోయినవి. బిడ్డ చదువుకు తాకట్టు పెట్టుటకు లేదు, అమ్ముటకు లేదు, కుమారుల పేర చట్టబద్ధముగా పంచుటకు లేదు. చేతులు మారినవి తెల్లకాగితములపై మారినవి. తుదకు 2021 డిసెంబరు 21న తణుకులో 'జగనన్న సంపూర్ణ గృహహక్కు పథకము' ఆరంభింపబడినది. పల్లెలలో 10 వేలు, పురపాలక పట్టణములలో 15 వేలు, నగరపాలక సంస్థలలో 20 వేలు కట్టినవారికి మిగిలిన అసలు, వడ్డి రద్దుచేసి, రుసుము లేక రిజిస్ట్రేషను చేయుట ఆ పథకపు సారము. అప్పు లేక కట్టుకొనినవారికి పది రూపాయలకే పత్రము. ఎన్నడో పేదలకిచ్చిన ఇంటికి ఇప్పుడు సొమ్మడుగుట ఏమి న్యాయమని కొందరు విమర్శించిరి. కట్టుమని బలవంతపెట్టిరని కొందరు వాపోయిరి. తమవంతు ఎప్పుడో పూర్తిగా తీర్చినవారు తమ నిజాయితీకి దక్కినదేమని అడిగిరి. ఈ చివరి ప్రశ్నకు సమాధానము చెప్పుట అన్నిటికంటె కష్టము. అయినను పరిష్కారపు రూపము గమనింపదగినది. అప్పు తీసికొనినవాడు కొంత కట్టెను. ఇచ్చినవాడు అధికభాగము వదలెను. పత్రము ఇంటివాని చేతికి వచ్చెను. ఆ మాట ముప్పది యేండ్ల క్రిందటనే కూర్చుండి మాట్లాడుకొనియున్నచో ఒక తరము ఆ ఇంట యజమానులుగా బ్రతికియుండెడిది.

పట్టణములలో టిడ్కో పేర కట్టిన బహుళ అంతస్తుల ఇండ్ల విషయమున దోషము మరియొక రీతిగా కానవచ్చినది. 365, 430 చదరపుటడుగుల ఇండ్లకు లబ్ధిదారుల పేర బ్యాంకు అప్పు చేయబడెను. ఇల్లు చేతికి రాకమునుపే వాయిదా కట్టుమని నోటీసులు వచ్చినవని లబ్ధిదారులు మొరపెట్టుకొనిన వార్తలు పత్రికలలో వచ్చినవి. ఒక చేత అద్దె, ఒక చేత వాయిదా. కాలు పెట్టుటకు గడప మాత్రము లేదు. పుచ్చుకొనినవాని దోషము ఇందేమి కలదో వెదకినను దొరకదు.

వసూలు చేయు తీరును గూర్చి చెప్పక తప్పదు. తెలుగునాట అప్పు వసూలునకు వెంటబడు వానిని 'నక్షత్రకుడు' అందురు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకమును రాత్రంతయు మేలుకొని చూచిన డెల్టా గ్రామములవారికి ఆ పాత్ర కొట్టినపిండి. హరిశ్చంద్రుడు ఋణము తీర్చుటకు భార్యాపుత్రులను అమ్మెను, తానును అమ్ముడుపోయెను. ఆయన సత్యమును చూచి కన్నీరు పెట్టినవారు, నక్షత్రకుని చూచి పండ్లు కొరికిరి. ప్రేక్షకుల ధర్మబుద్ధి అచ్చట సరిగానే పనిచేసినది: ఋణము తీర్చుట గొప్ప, ఋణికుని ఆలుబిడ్డలను విలపింపజేయుట నీచము. 2010లో సూక్ష్మఋణ సంస్థల వసూళ్ళ వేధింపులకు తాళలేక పలువురు ప్రాణములు తీసికొనిన పిదప, ఆ యేటి అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి వానిని కట్టడి చేసినది. ఆ మహిళలు గుంపులో ఒకరికొకరు పూచీ పడినవారు. ఒక్కరికి నాలుగు సంస్థలు అప్పు ఇచ్చినవి. నాలుగింటిలో ఏదియు మిగిలిన మూడింటి లెక్క అడుగలేదు. సముద్రములకావల అమెరికాలోను అంతే జరిగినది. ఆదాయము విచారింపకయే ఇంటి అప్పులిచ్చి, ఆ పత్రములను మూటగట్టి ఇతరులకు అమ్మివేసిరి. అప్పిచ్చినవానికి తీర్చువాని ముఖము చూడవలసిన అగత్యమే లేకపోయినది. 2008లో ఆ మూటలు విప్పునప్పటికి ప్రపంచమంతయు నష్టపోయినది. కుబేరుడు తన పత్రమును పరులకు అమ్ముకొనలేదు.

మన గృహస్థు కథ నడుమ ఆగినది. కుమారుని కొలువు ఆరునెలలు పోయినది. మూడు వాయిదాలు తప్పినవి. తొంబది దినములు దాటినచో ఆ ఖాతా మొండిబకాయి. పిదప 2002 చట్టము ననుసరించి అరువది దినముల నోటీసు. ఆపైని ఇంటి స్వాధీనము. నోటీసు వచ్చిననాడు ఇంటి ఇల్లాలు దానిని దేవుని పటము వెనుక దాచెను. భర్తకు చెప్పిన గుండె పగులునని భయము. భర్తకు అదివరకే తెలియును. భార్యకు చెప్పిన గుండె పగులునని అతడు చెప్పలేదు. ఋణవిమోచన నృసింహ స్తోత్రమును అతడు దినమునకు మూడుమార్లు పఠించుచున్నాడు. స్తోత్రపారాయణము చేయవలసినదే, మనస్సునకు ధైర్యము దానివలన కలుగును. కాని ఆ స్తోత్రము పఠించిన నోటితోనే బ్యాంకునకు వెళ్ళి ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. దాచిన అప్పు దాచిన వ్రణము వంటిది. మొదటి వాయిదా తప్పకమునుపే వెళ్ళియున్నచో దారులు పెక్కు ఉండెడివి. మూడు తప్పిన పిదపను కొన్ని కలవు.

తండ్రి చేసిన ధర్మఋణమును కుమారుడు తీర్చవలెనని, జూదమునకును మద్యమునకును చేసినది తీర్చనక్కరలేదని స్మృతులు చెప్పినవి. 2005 హిందూ వారసత్వ సవరణ చట్టము తరువాత చేసిన అప్పులకు ఆ పుత్రధర్మమొక్కటే కారణముగా కుమారునిపై న్యాయస్థానము చర్య తీసికొనజాలదు. ఇట మాత్రము కుమారుడు సహఋణికుడుగా స్వహస్తముతో వ్రాలు చేసియున్నాడు. ఋణమంతటికి అతడును బాధ్యుడను వాక్యము పదునాలుగవ పుటలోనో పదునేనవ పుటలోనో కలదు. ఆ పుటలను అతడు చదువలేదు. చదువుమని ఎవరును కుర్చీ చూపలేదు.

రిజర్వు బ్యాంకు 2023 ఆగష్టు 18న ఇచ్చిన ఆదేశములు ఇట్టివారికి కొంత ఊతము. మారెడు వడ్డిపై అప్పు ఇచ్చునప్పుడే, రేపు వడ్డి పెరిగినను ఋణికుడు భరింపగలడా యని దాత చూచుకొనవలెను. వడ్డి పెరిగినప్పుడు వాయిదా పెంచుటయో, గడువు పెంచుటయో, రెండును కొంత కొంతయో ఎంచుకొను అవకాశము ఋణికునకు ఇయ్యవలెను. స్థిరమైన వడ్డికి మారు వీలును కల్పింపవలెనని 2023లో విధింపబడినది. గడువు పెంచుటవలన వాయిదా వడ్డికే చాలని స్థితి రాకూడదు. వాయిదా తప్పినందుకు వేయు జరిమానాను వడ్డిగా మార్చి దానిపై మరల వడ్డి వేయరాదు. ఈ చివరి నియమమును చదివినప్పుడు చక్రవడ్డిని గర్హించిన స్మృతికారుడు గుర్తునకు రాక మానడు.

ఏడవ శనివారము వాడపల్లి ప్రదక్షిణములు ముగించి వచ్చిన ఆ దంపతులు, సోమవారము ఉదయము పటము వెనుకనుండి నోటీసు తీసి సంచిలో పెట్టుకొనిరి. ఊరి అప్పు మూడు లక్షలును, కుదువ నగల రసీదులును, కౌలు లెక్కయు ఈసారి ఒక తెల్లకాగితముపై వ్రాసిరి. బ్యాంకు అధికారి అదివరకటివాడు కాడు. క్రొత్తగా బదిలీపై వచ్చినవాడు. దరఖాస్తులో 'వ్యాపారము' అని యున్నచోట వ్రేలు పెట్టి ఇదేమని ఆయన అడిగెను. ఇల్లాలు ఒక్క క్షణము భర్త వైపు చూచి, ఇంట ఒక కుట్టుమిషను కలదని చెప్పెను. ఆయన చాలసేపు మాటలాడలేదు. ఆ కాగితముపై క్రింద ఉన్న తమ శాఖ ముద్రను, పాత అధికారి వ్రాలును చూచెను. తరువాత వారికి కుర్చీలు చూపి, లెక్క మొదటినుండి మరల వ్రాయుట మొదలుపెట్టెను.